పెట్టయితే ఉండొచ్చు

ఓనరమ్మ యశోదాబాయి మెట్ల మీంచే చెప్పింది:
"పెట్టయితే ఉంచుకో. పుంజయితే నడవదు.
పొద్దుగాల్నే లేపుతది, నాకసలే బీపీ."

వారాసిగూడలో, సంపుకీ బాత్రూం గోడకీ నడుమ
నాలుగడుగుల పెరడు మాది.
బట్టలుతికే బండ పక్కన వైరు బుట్ట,
బుట్టలో ఉస్మానియా బిస్కెట్ రంగు పిల్ల.
పేరు కూడా బిస్కెట్టే.
ఎటు తేలినా మార్చక్కర్లేని పేరని
మా ఉజ్వల ముందుచూపు.

ముర్గీచౌక్‌లో అమ్మినవాడు
గొంతు పట్టుకుని ఒట్టేశాడు, పెట్టేనని.
నా వెనకాయన పుంజు కావాలన్నాడు.
అదే గంపలో చెయ్యి పెట్టి
అదే గొంతు పట్టుకున్నాడు.

ఎల్లవ్వ వచ్చి మెడ మీది తోలు పట్టి లేపింది.
"కాళ్ళు ముడిస్తే పెట్ట, యాలాడేస్తే పుంజు."
బిస్కెట్ ఒక కాలు ముడిచింది,
రెండోది వేలాడేసింది.
"గడుసుది" అని దించేసి
చేతులు కొంగుకు తుడుచుకుంది ఎల్లవ్వ.

గౌస్ చాచా కోళ్ళ దుకాణం కట్టేసి
రెండుసార్లు చేతులు కడుక్కుని వచ్చాడు.
ఆ వాసనకి కాబోలు, బిస్కెట్ బిగుసుకుపోయింది.
మెడ ఈకలు వేలితో మెల్లగా విడదీసి చూశాడు.
మొన తేలితే మగ, గుండ్రంగుంటే ఆడ.
ఇంకా నూగు. ఇంకా ఏమీ కాదు.
"నెల ఆగుండ్రి బేటీ" అన్నాడు.
"నా తక్కెట్ల కూసున్నంక ఎవరూ అడగరు ఈ మాట.
కిలో ఎంతనే అడుగుతరు."

నేను స్కానింగ్ సెంటర్లో రిపోర్టులు టైపు చేస్తాను.
తల మీదే బోర్డు: చెప్పడం నేరం, అడగడం నేరం.
రోజుకి ఇద్దరైనా ఆ బోర్డు చదువుతారు,
చదివాకే అడుగుతారు.
"నోటితో వద్దులే అక్కా, నవ్వు చాలు" అందొకామె.
అప్పట్నుంచి ఆ కుర్చీలో నవ్వడం మానేశాను.
ఏడేళ్ళు.
అలాంటి నేను
చెప్పులు విప్పకుండానే పెరట్లోకి పోయి
కోడి తోక కింద టార్చి వేస్తున్నాను.

అన్నాళ్ళూ మమ్మల్ని కాపాడింది ఒక్క మాట: అది.
అది తిన్నదా? అది ఏదీ? అది సంపు మీదికెక్కింది.
మన భాషకి దయో బద్ధకమో,
కోడికీ కుర్చీకీ
కోపమొస్తే కోడలికీ
ముద్దొస్తే కూతురికీ
ఒకే మాటతో సరిపెడుతుంది.
మగాడొస్తేనే లేచి
ఇంకో మాట వెతుక్కొస్తుంది.

ఎనిమిదో వారం జుట్టు ఎర్రబడింది.
"ఎండకి" అన్నాను.
కాళ్ళు బలిశాయి.
"నూకలు వంటబట్టాయి" అన్నాను.
నడుం మీంచి రెండు ఈకలు
సన్నగా, మొనదేలి, పక్కకి జారాయి.
వాటికి ఏ సాకూ దొరకలేదు.
ఆ వారం గౌస్ చాచా కనిపిస్తే
వేరే సందులోంచి వెళ్ళాను.

ఒక సాయంత్రం లెక్కలు చేసుకుంటూ,
తలెత్తకుండానే, ఉజ్వల అంది:
"అమ్మా, వాడికి నీళ్ళు పెట్టావా?"

ఫ్యాను తిరుగుతూనే ఉంది.
పెట్టానన్నాను.

ఇప్పుడు రాత్రి తొమ్మిదయితే
బుట్ట మంచం కిందికొస్తుంది.
బుట్ట మీద రగ్గు, రగ్గు మీద నా శాలువా.
చీకటి ఎంత మందంగా కప్పితే
తెల్లారడం అంత ఆలస్యం.

నిన్న శాలువా జారింది.
నాలుగున్నరకి, అజాన్ కన్నా ముందే,
నూనె లేని తలుపు సగం తెరుచుకున్నట్టు
ఒక కూత.
సగమే.
మిగతా సగం ఎలా కూయాలో
వాడికింకా తెలీదు.

పైన లైటు వెలిగింది.
"కూసింది మీదేనా?" మెట్ల మీంచే అడిగింది.

"అది కూయలేదమ్మా" అన్నాను.
గొంతు పట్టుకుని ఒట్టు కూడా వేశాను.

లోపల, మంచం పక్కన,
ఉజ్వల రెండు చేతులతో
వాడి ముక్కు మూసి పట్టుకుని
కూర్చుంది.